చమురు చేతికొచ్చింది, ఓడలు కరువయ్యాయి: జపాన్ ఏలుబడిలో డచ్ ఇండీస్

క్లుప్తంగా: 1942 మార్చి నుంచి 1945 ఆగస్టు దాకా నేటి ఇండోనేషియా, అంటే అప్పటి డచ్ ఇండీస్, జపాన్ చేతిలో ఉంది. చమురు, రబ్బరు, తగరం, క్వినైన్ (మలేరియా మందు) కోసం జపాన్ ఆ దీవులను పట్టుకుంది. పట్టుకున్నంత తేలిగ్గా వాడుకోలేకపోయింది. ఆ సంపదకు విలువ తెచ్చినవి గనులూ తోటలూ మాత్రమే కాదు. వాటిని రేవులతోనూ మార్కెట్లతోనూ కలిపిన ఓడలు, రైళ్లు, బియ్యం రవాణా. ఆక్రమణతో ఆ దారులు తెగాయి. అందుకే చక్కెర గిడ్డంగుల్లో పేరుకుపోయిన జావాలోనే జనం ఆకలితో చనిపోయారు.

ఈ కాలం గురించి రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. జపాన్ ఆ దేశాన్ని డచ్‌వారి నుంచి విడిపించిందన్నది ఒకటి. దాని సంపదంతా ఊడ్చుకుపోయిందన్నది రెండోది. మొదటి మాటకు ఆధారం బలహీనం. రెండో మాటలో నిజం ఉంది గానీ జరిగిన నష్టం అందులో పూర్తిగా కనిపించదు. జపాన్ తీసుకెళ్లిన సరుకు కంటే, ఎవరికీ అక్కరకు రాకుండా పాడైన సరుకే చాలా రంగాల్లో ఎక్కువ.

ఓడలతో కుట్టిన దీవులు

యుద్ధానికి ముందు డచ్ ఇండీస్ జనాభా సుమారు 7 కోట్లు. మూడింట రెండు వంతుల మంది జావాలోనే ఉండేవారు. వరి, చెరకు, సింకోనా (దీని బెరడు నుంచే క్వినైన్ తీస్తారు), టేకు అక్కడివి. సుమత్రా తూర్పు తీరంలో మెదాన్ చుట్టూ పొగాకు, రబ్బరు, పామాయిల్ తోటలు. దక్షిణాన పాలెంబాంగ్ దగ్గర చమురు. బంకా, బెలితుంగ్ దీవుల్లో తగరం. బింటాన్‌లో బాక్సైట్. బోర్నియో తూర్పు తీరంలో బాలిక్‌పాపన్, దానికి ఉత్తరాన తారకాన్ అనే చిన్న దీవి, రెండూ చమురు మీద బతికినవే.

తోటల ప్రాంతాలు, గని దీవులు తమ తిండి తాము పండించుకునేవి కావు. బర్మా, సయాం (నేటి థాయిలాండ్), జావాల నుంచి బియ్యం ఓడల్లో వచ్చేది. బదులుగా రబ్బరు, తగరం బయటికి వెళ్లేవి. దీవుల మధ్య రాకపోకలు చాలావరకు ఒక్క డచ్ ఓడల కంపెనీ చేతిలో ఉండేవి. బట్ట దాదాపు అంతా దిగుమతే. ఇది పాత అలవాటు: 17వ శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కొట్టు తెరిచింది కూడా కోరమాండల్ బట్ట కొని, దాన్ని ఈ దీవుల్లో మిరియాలకూ లవంగాలకూ మారకం వేయడానికే. మూడు వందల ఏళ్ల తర్వాత బట్ట వచ్చే ఊరు మారి జపాన్‌లోని ఒసాకా అయింది, బయటి నుంచి రావడం మాత్రం మారలేదు.

యుద్ధానికి దారితీసిన లెక్క

జపాన్ తనకు కావలసిన చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచి, సుమారు పదో వంతు డచ్ ఇండీస్ నుంచి కొనేది. 1940 మే నెలలో జర్మనీ నెదర్లాండ్స్‌ను ఆక్రమించాక, దిక్కులేని వలస రాజ్యం ఒత్తిడికి లొంగుతుందని టోక్యో అనుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో రాజధాని బటావియాకు (నేటి జకార్తా) బృందాన్ని పంపింది. బేరాలు 1941 జూన్ దాకా సాగి తెగిపోయాయి. జులైలో జపాన్ దక్షిణ ఇండోచైనాలో దిగడంతో అమెరికా దాని ఆస్తులను స్తంభింపజేసింది, వెంటనే చమురు ఆగింది. బ్రిటన్, డచ్ ప్రభుత్వాలు అదే దారి పట్టాయి. నిల్వలు తరిగేలోపు డచ్ బావులను బలవంతంగా తీసుకోవడమే మార్గమని జపాన్ సైన్యం తేల్చుకుంది.

1940లో ఈ దీవుల చమురు ఉత్పత్తి సుమారు 6.5 కోట్ల బ్యారెళ్లు. జపాన్ అవసరాన్ని తీర్చి ఇంకా మిగిలేంత. కాగితం మీద లెక్క సరిపోయింది. ఆ చమురును 5 వేల కిలోమీటర్ల సముద్రం దాటించే ఓడలు ఎన్ని కావాలి, వాటిలో ఎన్ని మునుగుతాయి అన్న లెక్క మాత్రం సరిగ్గా వేయలేదు. తర్వాత జరిగిన దానిలో చాలా భాగానికి మూలం ఈ లోపమే.

మూడు చమురు పట్టణాలు

దాడి మొదలైన తీరు చూస్తేనే గురి ఏమిటో తెలుస్తుంది. 1942 జనవరి 11న తారకాన్ మీద దిగారు, మర్నాడే అక్కడి దండు లొంగిపోయింది. లొంగేలోపు డచ్‌వారు బావులకు నిప్పు పెట్టారు. దాంతో జపాన్ సైన్యం తారకాన్‌లో పట్టుబడిన ఇద్దరు డచ్ అధికారులను బాలిక్‌పాపన్‌కు పంపింది: రిఫైనరీ చెక్కుచెదరకుండా అప్పగించకపోతే చంపుతామని కబురు. డచ్‌వారు రిఫైనరీని తగలబెట్టారు. జనవరి నెలాఖరుకు పట్టణం పడిపోయింది, ఫిబ్రవరిలో అక్కడ పట్టుబడిన యూరోపియన్లను సుమారు 80 మందిని చంపేశారు.

పాలెంబాంగ్‌లో ఎత్తు మార్చారు. మూసీ నది ఒడ్డున ప్లాజులో షెల్ సంస్థ రిఫైనరీ, పక్కనే సుంగై గెరోంగ్‌లో అమెరికన్ కంపెనీది. (ఈ మూసీకి హైదరాబాద్ మూసీతో పేరు తప్ప పోలిక లేదు, ఇందులో సముద్రపు ఓడలు పట్టణం దాకా వస్తాయి.) దీవుల చమురులో దాదాపు సగం ఈ ప్రాంతానిదే. తగలబెట్టే వ్యవధి ఇవ్వకూడదని ఫిబ్రవరి 14న పారాచూట్ దళాన్ని దింపారు. ప్లాజు దాదాపు యథాతథంగా దొరికింది, సుంగై గెరోంగ్ బాగా కాలిపోయింది. మార్చి 1న జావా తీరానికి చేరిన సైన్యానికి 8న కాలిజాతి విమానాశ్రయంలో డచ్ నాయకత్వం లొంగిపోయింది. నెల తిరిగేలోపే, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. బంగాళాఖాతానికి తూర్పు గట్టు చాలావరకు అప్పటికి వారి చేతిలో ఉంది.

బావి నుంచి జపాన్ దాకా

బావులను తిరిగి పనిలో పెట్టడానికి జపాన్ తన చమురు నిపుణులలో అధిక భాగాన్ని దక్షిణానికి తరలించింది. ఆ తరలింపులోనే మొదటి దెబ్బ తగిలింది. 1942 మే 8న అమెరికన్ జలాంతర్గామి తైయో మారు అనే ఓడను ముంచింది. 800 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది ఇంజినీర్లు, సాంకేతిక నిపుణులు.

అయినా బావులు త్వరగానే కోలుకున్నాయి. 1943లో దక్షిణ ప్రాంతాల చమురు ఉత్పత్తి సుమారు 4.96 కోట్ల బ్యారెళ్లకు చేరింది. అందులో జపాన్ చేరినది, ముడి చమురూ శుద్ధి చేసినదీ కలిపి, సుమారు 1.45 కోట్లు. మూడో వంతు కూడా లేదు. 1944లో ఉత్పత్తి 3.69 కోట్లకు తగ్గింది, జపాన్ చేరినది 50 లక్షల దగ్గర ఆగిపోయింది. 1945 మార్చి దాటాక దక్షిణం నుంచి చమురు ఓడ జపాన్‌కు చేరలేదు.

మధ్యలో ఏమైందంటే, కొంత దక్షిణాన ఉన్న సైన్యం, నౌకాదళం అక్కడికక్కడే వాడుకున్నాయి. కొంత ఓడలతో పాటు మునిగింది. 1943 చివరి నుంచి అమెరికన్ జలాంతర్గాములు ప్రత్యేకంగా చమురు ఓడలను వెతికి ముంచడం మొదలుపెట్టాయి. సైన్యానికీ నౌకాదళానికీ పొత్తు లేకపోవడం మరో కారణం. జావా 16వ సైన్యానిది, సుమత్రా 25వ సైన్యానిది, బోర్నియో, సులవేసి, తూర్పు దీవులు నౌకాదళానివి. అంటే పాలెంబాంగ్ చమురు సైన్యం అధీనంలో ఉండగా, చమురు ఎక్కువగా తాగే యుద్ధనౌకలకు తారకాన్, బాలిక్‌పాపన్ మిగిలాయి.

చివరికి చమురును నౌకల దగ్గరికి తేలేక, నౌకలనే చమురు దగ్గరికి తీసుకెళ్లారు. 1944లో జపాన్ ప్రధాన నౌకాదళం సింగపూర్‌కు దక్షిణాన లింగ్గా దీవుల దగ్గర లంగరు వేసింది, పాలెంబాంగ్‌కు దగ్గరని. ఫలితంగా స్వదేశంలోని రేవులకూ మరమ్మతు కేంద్రాలకూ దూరమైంది. 1944 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో బాలిక్‌పాపన్ మీద, 1945 జనవరి 24, 29 తేదీల్లో పాలెంబాంగ్ రిఫైనరీల మీద బాంబు దాడులు జరిగాయి. అప్పటికే చమురు తీసుకెళ్లే ఓడలు బాగా తగ్గిపోయిన రిఫైనరీలు అవి.

కొనేవారు లేని పంటలు

చమురుకు కనీసం అక్కడ వాడుక ఉంది. మిగతా సరుకుల పరిస్థితి ఇంకా అధ్వాన్నం. ఈ దీవులు ప్రపంచమంతటికీ పండించేవి. జపాన్ ఒక్కటే ఆ పంటను మింగలేదు.

చక్కెర తీసుకోండి. జపాన్‌కు అప్పటికే తైవాన్ చక్కెర ఉంది, జావా చక్కెర అక్కరలేదు. పాత కొనుగోలుదారులు ఎక్కువమంది శత్రుపక్షంలో ఉన్నారు. 1942లో 13 లక్షల టన్నులకు పైగా ఉన్న జావా ఉత్పత్తి 1945 నాటికి లక్ష టన్నుల లోపుకు పడిపోయింది. మిల్లులు చాలా మూతపడ్డాయి. కొన్నింటిలో చక్కెర నుంచి ఇంధనానికి పనికొచ్చే ఆల్కహాల్, బ్యుటనాల్ తీయడం మొదలుపెట్టారు. మిల్లు మూతపడితే చెరకు నరికే కూలీ నుంచి బండి తోలేవాడి దాకా వేతనం పోయింది.

రబ్బరుదీ అదే కథ. డచ్ ఇండీస్, మలయా కలిసి ప్రపంచ రబ్బరులో అధిక భాగం ఇచ్చేవి. జపాన్ ఏడాది అవసరం లక్ష టన్నుల లోపే. తోటలు పాడుబడ్డాయి. అవతలి పక్షం మాత్రం ఈ కొరతను దాటేసింది: అమెరికా కృత్రిమ రబ్బరు ఉత్పత్తి 1944 నాటికి ఏడాదికి 7 లక్షల టన్నులు దాటింది. క్వినైన్ విషయంలోనూ ఇదే జరిగింది. యుద్ధానికి ముందు ప్రపంచంలోని సింకోనా బెరడులో 90 శాతానికి పైగా జావాది, బాండుంగ్‌లో పెద్ద క్వినైన్ ఫ్యాక్టరీ ఉండేది. అది పోగానే మిత్రపక్షాలు మెపాక్రిన్ అనే కృత్రిమ మందు మీదికి మళ్లాయి. ఒక పంట మీద ప్రపంచం ఆధారపడి ఉందంటే, ఆ పంటను పట్టుకున్నవాడికి పట్టు దొరికినట్టే కనిపిస్తుంది. ప్రత్యామ్నాయం వచ్చేదాకానే ఆ పట్టు. యుద్ధం ముగిశాక కూడా జావా సింకోనాకు పాత స్థానం తిరిగి రాలేదు.

మరోవైపు, సైన్యానికి కావలసినవి బలవంతంగా పండించారు. జావా పల్లెల్లో ఇంటి దొడ్లలో, దారుల వెంట ఆముదం మొక్కలు వేయించారు, యంత్రాలకు కందెన నూనె కోసం. పత్తి, నార పంటలు వేయించారు. పశ్చిమ జావాలో తేయాకు మొక్కలు పీకి తిండి పంటలు పెట్టించారు. ఉత్తర తీరంలో చెక్క ఓడల తయారీకి టేకు అడవులను విచ్చలవిడిగా నరికారు; మునిగిన ఇనుప ఓడలకు బదులు ఈ చిన్న చెక్క ఓడలు సరుకు మోస్తాయని ఆశ.

బియ్యం ఎక్కడ ఆగింది

జపాన్ సైనిక పాలన జావాను 17 జిల్లాలుగా, వాటితోపాటు రెండు సంస్థానాలు, ఒక ప్రత్యేక నగరంగా విడగొట్టింది. ఏ జిల్లా తిండి ఆ జిల్లాయే చూసుకోవాలన్నది విధానం. అనుమతి లేకుండా బియ్యం సరిహద్దు దాటకూడదు. అంతకుముందు మిగులు ప్రాంతం నుంచి లోటు ప్రాంతానికి బియ్యాన్ని చేర్చింది చైనీస్ వ్యాపారుల మిల్లులు, చిన్న వర్తకులు. వారి స్వేచ్ఛా వ్యాపారాన్ని నిలిపివేసి మిల్లులను ప్రభుత్వ ఏజెంట్లుగా మార్చారు.

రైతు మీద నిర్బంధ లెవీ పడింది. కోటా జిల్లాకు, అక్కడి నుంచి ఊరికి, ఊరి నుంచి ఇంటికి దిగేది. వసూలు చేసేది ఊరి పెద్దే. తన వారికి తగ్గించి, దిక్కులేనివారి మీద భారం వేయడానికి అతనికి వీలుండేది. అవే సంవత్సరాల్లో నిజాం రాజ్యంలో లెవీ ధాన్యం వసూళ్లు ఎలా సాగాయో తెలిసిన తెలంగాణ పాఠకులకు ఈ పద్ధతి పోల్చుకోవడం కష్టం కాదు.

ప్రభుత్వం ఇచ్చే ధర తక్కువ. ఆ ధరకు ఇచ్చే నోట్లు ఆక్రమణ ప్రభుత్వం అచ్చు వేసినవి. వాటితో కొనడానికి బజారులో బట్ట లేదు, కిరోసిన్ లేదు, సబ్బు లేదు. కొనడానికి ఏమీ దొరకనప్పుడు ఎక్కువ పండించి లాభమేమిటి? రైతు ధాన్యం దాచాడు, సాగు తగ్గించాడు, బ్లాక్ మార్కెట్‌లో అమ్మాడు. సైన్యం అవసరాలకు పశువులను తోలుకెళ్లారు, పనిచేసే మగవారిని పనులకు పట్టుకెళ్లారు. దాని మీద 1944లో అనావృష్టి. 1945 నాటికి జావా వరి దిగుబడి యుద్ధానికి ముందున్న స్థాయి కంటే సుమారు మూడో వంతు తగ్గింది.

బట్ట కొరత బాగా కనిపించిన గుర్తు. జనం గోనె సంచులు కట్టుకున్నారు, కొన్నిచోట్ల పల్చటి రబ్బరు షీట్లు. కట్టుకోవడానికి ఏమీ లేక ఇల్లు దాటలేని కుటుంబాలు ఉన్నాయి.

1944, 1945లలో జావాలో ఆకలి, దాని వెంట వచ్చిన రోగాల వల్ల సుమారు 24 లక్షల మంది అదనంగా చనిపోయారని ఒక ప్రముఖ అంచనా. మొత్తం ఆక్రమణ కాలానికి, నిర్బంధ కూలీల మరణాలు కలిపి, ఐక్యరాజ్యసమితి పత్రాల్లో 40 లక్షల సంఖ్య కనిపిస్తుంది. ఈ సంఖ్యలు జనాభా లెక్కల నుంచి కట్టినవి. ఒక్కొక్క శవాన్ని లెక్కపెట్టినవి కావు.

1943 బెంగాల్ కరువుతో పోల్చి చూడటం ఇక్కడ ఉపయోగపడుతుంది. పాలకులు వేరు, పక్షాలు వేరు. జపాన్ వస్తుందన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 1942లో తీర బెంగాల్‌లో పడవలను స్వాధీనం చేసుకుంది, పాడుచేసింది; బర్మా బియ్యం ఆగింది; ప్రాంతాల మధ్య ధాన్యం కదలికకు అడ్డంకులు పెట్టారు. జావాలో ఆక్రమించినవాడు, బెంగాల్‌లో ఆక్రమణకు భయపడినవాడు దాదాపు ఒకే పని చేశారు: బియ్యం కదిలే దారిని మూసేశారు. రెండుచోట్లా సైన్యానికి ముందు వాటా, పల్లె పేదకు చివరి వాటా.

పేర్లు మారిన పట్టణాలు

1942 డిసెంబరులో బటావియా అధికారికంగా జకార్తా అయింది. బ్యూటెన్‌జోర్గ్ బోగోర్, ఫోర్ట్ డి కాక్ బుకిట్టింగి అయ్యాయి. డచ్ భాషను నిషేధించారు. దానివల్ల ఆఫీసుల్లో, బడుల్లో ఇండోనేషియన్ భాషకు చోటు దొరికింది. ఆక్రమణ వదిలిన ఫలితాల్లో ఇది నికరంగా నిలిచినది. గడియారాలను టోక్యో సమయానికి, అంటే జావాలో గంటన్నర ముందుకు, జరిపారు. జపాన్ రాజ కాలమానం ప్రకారం 1942వ సంవత్సరం 2602 అయింది. రేడియోలకు సీలు వేసి స్థానిక స్టేషన్ తప్ప మరేదీ పలకకుండా చేశారు.

వలస పట్టణాలను నడిపిన డచ్ గుమాస్తాలు, ఇంజినీర్లు, వైద్యులు ముళ్లకంచెల వెనక్కి వెళ్లారు. సుమారు లక్ష మంది యూరోపియన్ పౌరులను నిర్బంధించారు. 13 వేల మంది దాకా తిరిగి బయటికి రాలేదు. బటావియాలోని చిదెంగ్, బాండుంగ్‌లోని చిహాపిత్ అప్పటిదాకా మధ్యతరగతి డచ్ నివాసాలు. ఆ వీధుల చుట్టూనే వెదురు తడికలు కట్టి వేలాది స్త్రీలను, పిల్లలను కుక్కారు. ఖాళీ అయిన కుర్చీల్లో ఇండోనేషియన్లు కూర్చున్నారు, పై అధికారం మాత్రం జపనీయులదే.

ఒక్కో పట్టణం ఒక్కో తీరుగా దెబ్బతింది. నౌకా కేంద్రమైన సురబాయా రేవు పని సైన్యం అవసరాలకు కుదించుకుపోయింది. మెదాన్ చుట్టూ బియ్యం రాక, ఆకలితో ఉన్న కూలీలు పొగాకు భూముల్లో మొక్కజొన్న, కర్రపెండలం వేసుకున్నారు. పాత కొండ విడిది బుకిట్టింగి మాత్రం 25వ సైన్యం ప్రధాన స్థావరమై ప్రాధాన్యం పొందింది. దాని కింద తవ్వించిన సొరంగాలు నేటికీ ఉన్నాయి. నౌకాదళం ఏలిన పశ్చిమ బోర్నియోలోని పోంటియానాక్‌లో 1943, 1944లలో కుట్ర ఆరోపణతో సుల్తాన్‌ను, స్థానిక పెద్దలను, చదువుకున్నవారిని, వ్యాపారులను చంపారు. పట్టణం నడిపే ఒక తరమే పోయింది.

1944 జనవరిలో జావాలో తొనారిగుమి అనే ఇరుగుపొరుగు సంఘాలు పెట్టారు. పది ఇరవై ఇళ్లకు ఒకటి. రేషన్ పంచడం, కూలీలను పంపడం, అనుమానితుల మీద కన్నేసి ఉంచడం వీటి పని. కడుపు నింపే చెయ్యి, పట్టిచ్చే చెయ్యి ఒకటే కావడం వల్ల ఎదురు చెప్పడం కష్టమైంది.

రోముషా

జపనీస్‌లో ఈ మాటకు అర్థం కూలీ. ఇండోనేషియాలో ఇప్పటికీ అది నిర్బంధ కూలీ అనే అర్థంలోనే పలుకుతుంది. జావాలో 40 లక్షల నుంచి కోటి మంది దాకా ఏదో ఒక కాలం ఇలా పనిచేశారు; ఇంత తేడా ఎందుకంటే కొద్దివారాల పనికి పిలిచినవారిని కూడా కొందరు లెక్కలో వేస్తారు. జావా బయటికి పంపినవారు సుమారు 2.7 లక్షలు, యుద్ధం తర్వాత తిరిగి చేర్చినవారు 52 వేలు. మిగతావారంతా చనిపోయారని చెప్పలేం, కొందరు చేరినచోటే స్థిరపడ్డారు. అయినా మరణాలు భారీగానే ఉన్నాయి. బర్మా–సయాం రైలు మార్గంలో జావా రోముషాలతో పాటు మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లిన తమిళ, తెలుగు కూలీలు కూడా ఉన్నారు.

ఓడల కొరతకూ ఈ కూలీల చావుకూ సూటిగా సంబంధం ఉంది. సముద్రం ప్రమాదం కావడంతో దీవి లోపలే అడ్డదారులు వేయాలనుకున్నారు. జావా పశ్చిమ కొసన బాంతెన్‌లో బాయా బొగ్గు కోసం సకేతి నుంచి రైలు మార్గం వేశారు. సుమత్రాలో సావాలుంతో గనుల బొగ్గును తూర్పు తీరం వైపు పంపడానికి మువారో నుంచి పెకన్‌బారు దాకా, అడవి, బురద నేలల్లో 220 కిలోమీటర్ల మార్గం మొదలుపెట్టారు. పట్టాలు, ఇంజన్లు కొన్ని జావా లైన్ల నుంచే పీకి తెచ్చారు. ఆ పనికి మనుషులను మోసుకెళ్తున్న జున్యో మారు ఓడను 1944 సెప్టెంబరు 18న బ్రిటిష్ జలాంతర్గామి ముంచింది. అందులో సుమారు 4,200 మంది రోముషాలు, 2,300 మంది యుద్ధ ఖైదీలు; 5,600 మందికి పైగా చనిపోయారు. లోపల ఉన్నదెవరో జలాంతర్గామికి తెలియదు. బతికి ఒడ్డు చేరినవారిని అదే రైలు మార్గం పనికి తోలారు. ఆ మార్గం 1945 ఆగస్టు 15న పూర్తయింది. జపాన్ లొంగిపోయిన రోజు అదే.

తర్వాత

1945 ఆగస్టు 17న జకార్తాలో జాతీయవాద నాయకులు సుకర్ణో, హత్తా స్వాతంత్ర్యం ప్రకటించారు. కొత్త రిపబ్లిక్ చేతికి చెల్లని నోట్లు, విరిగిన వంతెనలు, మిల్లులు మూతపడిన చెరకు సీమ వచ్చాయి. మెదాన్ చుట్టూ తోట భూముల్లో తిండి పంట వేసుకున్నవారు కదలడానికి ఒప్పుకోలేదు. తిరిగొచ్చిన కంపెనీలతో ఆ తగాదా 1950లలో దేశ రాజకీయాలనే కుదిపింది. తొనారిగుమి రూపం మార్చుకుని నేటి ఇండోనేషియా వీధి సంఘాల్లో మిగిలింది.

సుమత్రాలో మినాస్ అనేచోట యుద్ధానికి ముందు కాల్టెక్స్ అనే అమెరికన్ చమురు కంపెనీ బావికి స్థలం గుర్తించి, తవ్వే యంత్రాన్ని వదిలి వెళ్లింది. 1944 చివరలో జపనీయులు అదే యంత్రంతో తవ్వితే చమురు పడింది. అది ఆగ్నేయాసియాలోనే అతి పెద్ద చమురు క్షేత్రం. అప్పటికి చమురు మోసే ఓడలు బాగా తగ్గిపోయాయి. మినాస్ చమురు 1952లో ఎగుమతి అయింది, కాల్టెక్స్ చేతుల మీదుగా.